మైకు ముందు మూడు నిమిషాలు, వెనక ఏడాది

స్లామ్ కవితా పోటీలో మార్కులు వేసేవాళ్లకు కవిత్వం తెలిసి ఉండాలన్న నియమం ఏదీ లేదు. నిర్వాహకులు ప్రేక్షకుల్లోంచే ఐదుగురిని అప్పటికప్పుడు ఎంపిక చేసి తలా ఒక పలకో, అట్టముక్కల కట్టో చేతిలో పెడతారు. కవి చదవడం ముగియగానే వాళ్లు సున్నా నుంచి పది దాకా, దశాంశంతో సహా, మార్కు వేసి పైకెత్తి చూపించాలి. అన్నిటికంటే ఎక్కువదీ అన్నిటికంటే తక్కువదీ తీసేసి మిగిలిన మూడింటినీ కూడతారు. ఐదుగురూ 8.1, 8.4, 8.7, 9.0, 9.6 వేశారనుకుంటే మొదటిదీ చివరిదీ పోయి కవికి 26.1 దక్కుతుంది. చదవడానికి మూడు నిమిషాలు, ఆపైన పది సెకన్ల వెసులుబాటు. అదీ దాటితే ప్రతి పది సెకన్లకూ అర మార్కు కోత. వేషం కట్టకూడదు, వాద్యం ఉండకూడదు, చేతిలో ఏ వస్తువూ పట్టుకోకూడదు. చదివేది సొంతంగా రాసినదై ఉండాలి. పోటీకి ముందు, పోటీలో లేని ఒకరి చేత చదివించి, మార్కులు వేసేవాళ్ల చెయ్యి కుదురుకునేలా చేస్తారు. ఆ లోకంలో అతణ్ని ‘బలి కవి’ అంటారు.

సాహిత్య పండితులకు ఒళ్లు మండించడానికే కనిపెట్టినట్టున్న ఈ ఆట, అమెరికా నగరాల్లో హైస్కూలు పిల్లలను కాగితం దగ్గరికి రప్పించే సాధనంగా పాతికేళ్లకు పైగా నడుస్తోంది. మెచ్చుకునేవాళ్లు వేదిక మీది మెరుపులు చూసి మెచ్చుకుంటారు. తప్పుపట్టేవాళ్లు అరుపులూ మార్కులూ చూసి ఇది కవిత్వమేనా అంటారు. ఇద్దరి చూపూ వేదిక దగ్గరే ఆగిపోతుంది. పిల్లల మీద నిజంగా పనిచేసేది, పోటీకి ముందు నెలల తరబడి, బడి గంట కొట్టాక ఏదో ఒక ఖాళీ తరగతి గదిలో జరిగే వ్యవహారం. పోటీ వట్టి ఎర. ఆ ఎరకు ఆశపడి వచ్చిన పిల్లవాడితో గదిలోని మెంటర్, అంటే దగ్గరుండి రాయించి చదివించే పెద్దమనిషి, ఏం చేస్తాడన్నదే ప్రశ్న. మార్కుల ఆశ ఆ పిల్లవాడిని ఏ దారిన లాగుతుందో తెలిసి కూడా, ఎక్కడ వద్దని చెప్పగలడన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

స్లామ్ పుట్టింది షికాగోలో. భవన నిర్మాణ పనులు చేసుకునే మార్క్ స్మిత్ అనే కవికి ఆనాటి కవితా పఠనాల్లోని నీరసం నచ్చలేదు. 1980ల మధ్యలో ఒక చిన్న బార్లో ప్రయోగాలు మొదలుపెట్టి, 1986 జులై నుంచి గ్రీన్ మిల్ అనే పాత జాజ్ క్లబ్బులో ఆదివారం రాత్రులు ఈ పోటీ నడిపాడు. అక్కడ కవిత నచ్చకపోతే ప్రేక్షకులు వేళ్లతో చిటికెలు వేస్తారు, ఇంకా నచ్చకపోతే కాళ్లతో నేలను దబదబా బాదుతారు. 1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి జాతీయ పోటీ జరిగింది. అప్పటికి ఇదంతా బార్లలో సాగే పెద్దవాళ్ల వ్యవహారం.

అయితే కవిత్వంతో పిల్లలను చేరదీసే సంప్రదాయం షికాగోలో అంతకంటే పాతది. 1950లో పులిట్జర్ బహుమతి అందుకుని, ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి రచయితగా నిలిచిన గ్వెండలిన్ బ్రూక్స్, 1960ల చివర్లో బ్లాక్‌స్టోన్ రేంజర్స్ అనే వీధి ముఠా యువకులకు రచనా శిక్షణ ఇచ్చారు. అప్పట్లో ఆమె చుట్టూ చేరిన యువ కవుల్లో ఒకడు డాన్ ఎల్. లీ. తర్వాత హకీ మధుబుటిగా పేరు మార్చుకున్న అతను 1967లో థర్డ్ వరల్డ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థను నెలకొల్పాడు. ఆ సాంగత్యం ఒకవైపు ప్రవాహం కాలేదు. బ్రూక్స్ తన పెద్ద ప్రచురణకర్తను వదిలి, డిట్రాయిట్‌లోని బ్రాడ్‌సైడ్ ప్రెస్ అనే చిన్న నల్లజాతి సంస్థకు తన పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమె కవిత్వపు నడకా మారింది. 1968 నుంచి 2000లో మరణించేదాకా, షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రానికి ఆస్థాన కవయిత్రిగా ఉన్న ఆమె, బడిపిల్లల కవితల పోటీలకు బహుమతి సొమ్మును తన చేతి నుంచే ఇచ్చేవారు. పిల్లలకు నేర్పబోయి తానే మారిపోవడానికి సిద్ధపడిన ఈ పెద్దమనిషిని, తర్వాతి తరం షికాగో మెంటర్లు తమ మూలపురుషుల వరుసలో మొదట నిలబెడతారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

1991లో బాబ్ బూన్ అనే ఉపాధ్యాయుడు యంగ్ షికాగో ఆథర్స్ అనే సంస్థను మొదలుపెట్టాడు. 2001లో ఆ సంస్థ నీడలో ఇద్దరు యువ కవులు హైస్కూలు బృందాల కోసం ‘లౌడర్ దాన్ ఎ బాంబ్’ అనే స్లామ్ పండుగకు శ్రీకారం చుట్టారు. ఆ కాలం నాటి నగర వాతావరణం గుర్తు చేసుకుంటేగానీ ఆ పని విలువ తెలియదు. ముఠా సభ్యులుగా అనుమానించదగినవాళ్లు ఉన్న గుంపు, పనేమీ లేకుండా వీధిలో నిలబడితే చెదిరిపొమ్మని పోలీసులు ఆదేశించవచ్చని, వినకపోతే అరెస్టు చేయవచ్చని 1992లో షికాగో ఒక శాసనం చేసింది. మూడేళ్లలో 89,000కు పైగా ఆదేశాలు, 42,000కు పైగా అరెస్టులు జరిగాయి. 1999లో సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని కొట్టేసింది. నగరపాలక మండలి దాన్ని కాస్త మార్చి మరుసటి ఏడాదే మళ్లీ తెచ్చింది. నలుగురు కుర్రాళ్లు ఒకచోట చేరడమే నేరంగా కనిపించే ఊళ్లో, వందల మంది కుర్రాళ్లను ఒక హాల్లో చేర్చి ‘మాట్లాడండి, మేం వింటాం’ అనడం చిన్న విషయం కాదు.

చిన్నగా మొదలైన ఆ పోటీ దశాబ్దం తిరిగేసరికి వందకు పైగా బృందాలకు పెరిగింది. వ్యక్తిగత కవితలతో పాటు నలుగురు కలిసి చెప్పే బృంద కవిత కూడా ఉండాలన్నది అందులో ప్రత్యేకం. షికాగోలో నల్లవాళ్ల పేటలు, తెల్లవాళ్ల పేటలు, మెక్సికన్ల పేటలు వేటికవే. పక్క పేట పిల్లవాడి ముఖం చూడకుండానే బడి చదువు పూర్తి చేసుకోవచ్చు. అందుకే పోటీకి ముందు ‘వీధి దాటడం’ అనే పేరుతో ఒక సమావేశం పెట్టేవారు. వేర్వేరు బడుల పిల్లలను కలిపి కొత్త గుంపులు కట్టి, కలిసి రాయించేవారు. ఎదుటి జట్టు మనిషితో కలిసి ఒక పద్యపాదం రాశాక అతని మీద పగతో చదవడం కొంచెం కష్టమవుతుంది. ‘పాయింట్లు ముఖ్యం కాదు, కవిత్వం ముఖ్యం’ అని కవి ఆలన్ వుల్ఫ్ అన్న మాట స్లామ్ లోకంలో నినాదంలా తిరుగుతుంది. మాట మంచిదేగానీ పదహారేళ్ల పిల్లలకు పాయింట్లు ముఖ్యమే. ఓడిపోయిన జట్టు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆ నినాదం ఎవరినీ ఊరడించదు.

ఇక గదిలోకి.

సాధారణంగా బడిలోని ఒక టీచరూ, బయటి నుంచి వారానికోసారి వచ్చే ఒక శిక్షక కవీ కలిసి పిల్లలను నడిపిస్తారు. ముందు ఒక కవితను గట్టిగా చదువుతారు. దాంట్లోంచి ఒక రాత అంశం తీస్తారు. బాగా వాడుకలో ఉన్న అంశం ‘నేను ఎక్కడి నుంచి వచ్చాను’ అన్నది. కెంటకీ కవయిత్రి జార్జ్ ఎల్లా లయన్ కవిత పుణ్యమా అని అమెరికా బడుల్లో దీన్ని రాయని పిల్లలు అరుదు. ఊరి పేరు రాస్తే సరిపోదు. పెరట్లో ఏముండేది, అమ్మమ్మ ఏ మాటతో తిట్టేది, ఆదివారం వంటింట్లోంచి ఏ వాసన వచ్చేది రాయాలి. షికాగోలో ఇంకో ఇష్టమైన కసరత్తు ఉంది. బ్రూక్స్ కవితలోని ఒక పాదం తీసుకుని, దాని ఒక్కొక్క మాటా తమ ఒక్కొక్క పాదం చివర వచ్చేలా కొత్త కవిత రాయాలి. టెరెన్స్ హేస్ అనే కవి 2010లో తెచ్చిన ఈ ప్రక్రియను ‘గోల్డెన్ షవల్’ అంటారు. మన సమస్యాపూరణం రుచి తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. పెద్ద కవి మాటలు చివర కాపలా కాస్తుంటే, కొత్తగా రాసేవాళ్లకు దారి తప్పే భయం తగ్గుతుంది.

పది పదిహేను నిమిషాలు కలం ఆపకుండా రాస్తారు. మెంటర్ కూడా రాస్తాడు, తప్పించుకోకూడదు. ఆ తర్వాత వరుసగా చదువుతారు. చదివినదాని మీద తీర్పు చెప్పడానికి ముందు, చెవిలో ఏ మాట నిలిచిందో చెప్పాలన్నది చాలా గదుల్లో కనిపించే కట్టుబాటు. పైకి చూస్తే ఇది మర్యాద పాఠంలా ఉంటుంది. నిజానికి పిల్లవాడికి అందే మొదటి విమర్శ ఇదే. తాను బాగా రాశాననుకున్న వాక్యం ఎవరికీ గుర్తుండలేదని, గబగబా రాసి పడేసిన చిన్న ముక్క నలుగురికీ గుర్తుందని అప్పుడు తెలుస్తుంది.

దగ్గరగా చూడటానికి ఒక ఉదాహరణ ఊహిద్దాం. పదహారేళ్ల అమ్మాయి ‘నా జీవితం నరకం, ఎవరికీ నేనక్కర్లేదు’ అని రాసి చదివింది. అయ్యో పాపం అనడం తేలిక. అద్భుతం, ఇంకా గట్టిగా చదువు అనడం మరీ తేలిక. పని తెలిసిన మెంటర్ చిన్న ప్రశ్నలు అడుగుతాడు. నువ్వక్కర్లేదని ఏ రోజు అనిపించింది? అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు? పొయ్యి మీద ఏముంది? నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావు? వారం తర్వాత ఆమె ఇలా రాసుకొస్తుంది: ‘బల్ల మీద మూడు పళ్లేలే పెట్టారు. నాలుగోది అలమరలో ఉంది, కడిగినది కడిగినట్టే.’ మొదటి వాక్యం ఎవరైనా ఎవరి గురించైనా రాయగలిగినది. రెండోది ఆ ఇంట్లో ఆ పూట నిలబడి చూసిన మనిషి మాత్రమే రాయగలిగినది. తేడా కవిత్వపు నాణ్యతలోనే లేదు. ‘నరకం’ దగ్గర ఉన్నంతసేపు ఆమె జరిగినదాన్ని మోస్తూ ఉంది. పళ్లేల దగ్గరికి వచ్చేసరికి, జరిగినదాంట్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకుంటోంది. మూడు పళ్లేలా, నాలుగా అన్నది ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న విషయం. ఈ అధికారం అనుభవంలోకి వచ్చాక పిల్లలు రాయడం మానరు, పోటీ ఉన్నా లేకపోయినా.

మూడు నిమిషాల గడియారం కూడా ఇక్కడ గురువు పని చేస్తుంది. ఊపిరి పీల్చుకుంటూ, ఆగుతూ చదివితే మూడు నిమిషాల్లో ఇంగ్లిష్‌లో సుమారు నాలుగు వందల మాటలు పడతాయి. తెలుగులో మాటలు పొడుగు కాబట్టి ఇంకా తగ్గుతాయి. పిల్లలు మొదటిసారి రాసుకొచ్చేది ఐదారు నిమిషాల సరుకు. సగం తీసేయాలి. ‘ఈ పాదం బాగాలేదు’ అని మెంటర్ చెబితే అలిగే పిల్లవాడు, గడియారం చెబితే అలగడు. మొదటి పది పాదాలూ ఉపోద్ఘాతమేనని, కవిత పదకొండో పాదంలో మొదలవుతోందని తనంతట తానే కనిపెడతాడు.

ఆ తర్వాత గొంతు పని. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కాగితం మీద గీతలు పెట్టుకోవడం, మైకుకు ఎంత దూరంలో నిలబడాలో చూసుకోవడం, కంఠతా పట్టాక కూడా అప్పుడే తట్టినట్టు చెప్పడం. ఇక్కడొక జబ్బు ఉంది. స్లామ్ వీడియోలు వరుసగా నాలుగు చూసినవాళ్లకు అది తెలుస్తుంది. ప్రతి వాక్యం చివరా ఒకేలా ఎత్తే స్వరం, ఒకే మాటను మూడుసార్లు కొట్టడం, చివరి పాదం రాగానే గొంతు గుసగుసకు దిగడం. ఎవరి బాధ అయినా ఒకే బాణీలో వస్తుంది. మంచి మెంటర్లు దీన్ని విరగ్గొట్టడానికి, అదే కవితను వంటింట్లో అమ్మతో చెప్పినట్టు చెప్పమంటారు, లేదా ఫోనులో స్నేహితుడికి చెప్పినట్టు. బాణీ ఊడిపోయాక మిగిలేది ఆ పిల్లవాడి గొంతు. కొందరు మెంటర్లు ఈ పని చేయరు, ఎందుకంటే ఆ బాణీకే మార్కులు పడతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అప్పటికప్పుడు ఎంపికైన ఐదుగురికి, శిల్పం కంటే గాయం త్వరగా అందుతుంది. తండ్రి కొట్టిన కథకు, తమ్ముడు తుపాకీ గుండుకు చనిపోయిన కథకు తక్కువ మార్కు వేయడానికి మామూలు మనిషికి చెయ్యి రాదు. పైగా పోటీ సాగేకొద్దీ మార్కులు పెరుగుతూ పోవడం అందరూ గమనించిన విషయమే. ముందు చదివినవాడి కంటే వెనక చదివినవాడికి లాభం. ఈ రెండూ కలిస్తే పిల్లలకు చెప్పకుండానే ఒక పాఠం అందుతుంది. ఎంత లోతైన గాయం విప్పితే అంత మార్కు. పోయినసారి విప్పిన గాయం కంటే ఈసారిది పెద్దదై ఉండాలి. నల్లజాతి పిల్లలు, వలస కుటుంబాల పిల్లలు తమ కష్టాన్ని ఎక్కువగా తెల్లవాళ్లే ఉన్న హాళ్లలో చదివి చప్పట్లు కొట్టించుకోవడంలోని ఇబ్బంది స్లామ్ లోపలి మనుషులే చాలాసార్లు ఎత్తి చూపారు. నవ్వించే కవితకు, చెట్టు మీద రాసిన కవితకు, బామ్మ చేసే పచ్చడి మీద రాసిన కవితకు ఫైనల్లో చోటు దొరకదనే భయం పిల్లల్లో పాతుకుపోతే, ఆ కార్యక్రమం పేరు ఎంత గొప్పదైనా దారి తప్పినట్టే.

అందుకే మెంటర్ చేసే అన్ని పనుల్లోకీ కష్టమైనది ‘ఇది రాయి, కానీ ఇది చదవకు’ అని చెప్పడం. రాయడం ఒక నిర్ణయం. గదిలో పదిమంది ముందు చదవడం ఇంకొకటి. మూడు వందల మంది ముందు, మార్కుల కోసం చదవడం మూడోది. కెమెరా ముందు చదవడం నాలుగోది. ఈ నాలుగూ ఒకటేనన్నట్టు నడిపించే కార్యక్రమాలు పిల్లలకు హాని చేస్తాయి. టీవీ వచ్చాక ఈ గొడవ ముదిరింది. హెచ్‌బీవో చానల్ 2002లో పెద్దవాళ్ల స్పోకెన్ వర్డ్ (వేదిక మీద చెప్పే కవిత్వం) కార్యక్రమాన్ని, 2009లో యువకుల పోటీ మీద ధారావాహికను ప్రసారం చేసింది. 2011లో మినియాపొలిస్‌లో మొదలైన బటన్ పొయెట్రీ వంటి సంస్థల వీడియోలు యూట్యూబులో లక్షల్లో చూస్తారు. పదహారో ఏట తల్లి మీద కోపంతో చెప్పిన మూడు నిమిషాలు, ఇరవై ఆరో ఏట ఉద్యోగం ఇచ్చేవాడి ఫోనులోనూ తెరుచుకుంటాయి. ఈలోగా తల్లితో రాజీ కుదిరి ఉండవచ్చు. ఆ కవితలో మాట్లాడే అవకాశం దొరకని తల్లి, తమ్ముడు, స్నేహితురాలు కూడా మనుషులే కదా అన్న ప్రశ్న గదిలో ఎవరో ఒకరు లేవనెత్తాలి. పిల్లలు లేవనెత్తరు, ఆ వయసు అలాంటిది.

కవితలోకి నేరం వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మరీ గట్టి ప్రశ్న. ఇల్లినాయిలో టీచర్లూ, పిల్లలతో పనిచేసే ఉద్యోగులూ పిల్లల మీద హింస జరుగుతున్నట్టు అనుమానం వస్తే చట్టప్రకారం ప్రభుత్వానికి తెలపాల్సిందే. ‘ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది’ అని మొదటి రోజు గొప్పగా ప్రకటించిన మెంటర్, రెండో నెలలో ఆ మాట తప్పక తప్పదు. మొదటే నిజం చెప్పేవాళ్లు నయం: ‘నీకు ప్రమాదం ఉందని తెలిస్తే నేను దాచను, కానీ నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను.’ మన దేశంలోనూ పరిస్థితి ఇదే. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. పిల్లల చేత మనసు విప్పి రాయించాలనుకునే తెలుగు టీచర్లు ఈ సంగతి తెలుసుకోకుండా మొదలుపెట్టకూడదు. మెంటర్ మానసిక వైద్యుడు కాడు. కవిత రాస్తే దుఃఖం తగ్గవచ్చు, చికిత్స అవసరమైన చోట మాత్రం కవిత సరిపోదు.

మెంటర్లను ఎవరు చూసుకోవాలి? ఈ ప్రశ్నను వాయిదా వేసినందుకు షికాగో గట్టి మూల్యమే చెల్లించింది. ఒక శిక్షక కవి మీద వచ్చిన వేధింపుల ఆరోపణల విషయంలో సంస్థ సరిగా వ్యవహరించలేదన్న విమర్శలు బయటికి రావడంతో, 2021లో యంగ్ షికాగో ఆథర్స్ పాలకమండలి సంస్థ కళా బాధ్యతలు చూసే దర్శకుడిని తొలగించింది. రెండు దశాబ్దాల పేరున్న పోటీ ఆ పాత పేరు వదిలేసి ‘రూటెడ్ అండ్ రాడికల్’ అనే పండుగగా మారింది. తమ మాటకు విలువ ఉందని పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పిన చోటే, పిల్లల మాటను సరిగా వినలేదన్న నింద పడింది. ఇలాంటి గదుల్లో గురువుకు సహజంగానే ఎక్కువ పలుకుబడి ఉంటుంది. తన గొంతు గుర్తించిన మొదటి పెద్దమనిషి మీద పిల్లవాడికి కలిగే అభిమానం మామూలు టీచరు మీద కలిగేదాని కంటే పదింతలు. ఆ అభిమానాన్ని నమ్మి తలుపులు మూసే పద్ధతి ఎక్కడా మంచిది కాదు. ఇద్దరు పెద్దలు ఉండటం, ఫిర్యాదు వినడానికి ఆ ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి ఉండటం అనే పొడి నియమాలే ఇక్కడ పనికొస్తాయి.

ఫలితాల మాటకొస్తే పేరున్నవాళ్ల జాబితా చదవడం ఆనవాయితీ. షికాగో జాబితా నిజంగానే బరువైనది. షికాగో శివారులో మెక్సికన్ వలస కుటుంబంలో పెరిగిన హోసే ఒలివారెస్, హైస్కూలు స్లామ్ దారిన కవిత్వంలోకి వచ్చి, తర్వాత యంగ్ షికాగో ఆథర్స్‌ను నడిపే స్థానంలో కూర్చున్నాడు. 2010లో ఈ పోటీ మీద వచ్చిన డాక్యుమెంటరీలో హైస్కూలు కుర్రాడిగా కనిపించే నేట్ మార్షల్, ఇప్పుడు కవి, విశ్వవిద్యాలయంలో రచన నేర్పే అధ్యాపకుడు. హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీలో 2009లో తెరిచిన యూమీడియా అనే యువకుల విభాగంలో, బ్రదర్ మైక్‌గా పిలిచే మైక్ హాకిన్స్ దగ్గర మైకు పట్టడం నేర్చుకున్నవాళ్లలో చాన్స్ ద ర్యాపర్ ఒకడు. 2014లో హాకిన్స్ చనిపోయాక, హైస్కూలు పిల్లల కోసం చాన్స్ మొదలుపెట్టిన ఓపెన్ మైకుకు, అంటే ఎవరైనా వేదికెక్కి చదవగల సభకు, ఆ గురువు పేరే కలిసొచ్చింది. ఇలాంటి పేర్లు నిధులిచ్చేవాళ్ల ముందు పెట్టడానికి బాగుంటాయి. అయితే ఆ గదుల్లో కూర్చున్న వేలమందిలో కవులైనవాళ్లు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. నర్సులు, డ్రైవర్లు, టీచర్లు అయిన మిగతావాళ్ల దగ్గర ఆ ఏడాది ఏం మిగిలిందన్నది కొలవడం కష్టం. కొలవలేనిది లేనట్టు లెక్కవేయడమూ, కొలవలేదు కాబట్టి ఎంత గొప్పగానైనా చెప్పుకోవచ్చనుకోవడమూ రెండూ ఈ రంగంలో మామూలే.

షికాగో నమూనా ఒక్కటే లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1996లో మొదలైన యూత్ స్పీక్స్, 1998 నుంచి ‘బ్రేవ్ న్యూ వాయిసెస్’ పేరుతో నగరాల మధ్య పోటీ నడిపింది. పోటీ అసలే లేని దారి కూడా ఉంది. కవయిత్రి జూన్ జోర్డన్ 1991లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘పొయెట్రీ ఫర్ ద పీపుల్’లో, ముందు నేర్చుకున్న విద్యార్థులే చిన్న బృందాలకు గురువులవుతారు. చివర మార్కులుండవు, బహిరంగ పఠనం, అచ్చయిన సంకలనం ఉంటాయి. లాస్ ఏంజిలిస్‌లో 2001లో పుట్టిన రైట్‌గర్ల్, ఒక్కొక్క అమ్మాయికి ఒక్కొక్క రచయిత్రిని జతచేస్తుంది. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో ఇరవై రెండేళ్ల వయసులో కవిత చదివిన అమాండా గోర్మన్ అక్కడ పెరిగిన అమ్మాయే. చిన్నప్పుడు ‘ర’ సరిగా పలకలేకపోయేది. ఒకరికి ఒకరు అనే ఈ పద్ధతి ఖర్చుతో కూడుకున్నది, స్లామ్‌లా జనాన్ని పోగుచేయలేదు. కానీ మొహమాటస్థులైన పిల్లలకు ఇదే నప్పుతుంది. వాళ్లను స్లామ్ వడపోసి బయట పెట్టేస్తుందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది.

తెలుగు బడుల్లో వేదిక ఎక్కే అలవాటుకు లోటు లేదు. పద్యపఠనం, ఏకపాత్రాభినయం, వక్తృత్వం అన్నీ ఉన్నాయి. కంఠం కూడా ఉంది. మూడో తరగతి పిల్లవాడు వేమన పద్యం నిలబడి చెప్పగలడు. లేనిదల్లా సొంత మాట. వక్తృత్వ పోటీ అంటే చాలాచోట్ల టీచరో నాన్నో రాసిచ్చిన రెండు పేజీలు బట్టీపట్టి, చెయ్యి ఊపాల్సిన చోట ఊపి దిగడం. ఉగాది కవిసమ్మేళనాల్లో యువకుల వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం లాంటి చోట్ల ఓపెన్ మైకులు జరుగుతున్నాయి, మంచి విషయమే. కానీ బంజారాహిల్స్ దాకా వచ్చి మైకు అడగగలిగే పిల్లలకు అప్పటికే సగం ధైర్యం ఉన్నట్టు. ఈ పని ఎక్కువ అవసరమైనది గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో. అక్కడ సాయంత్రాలు ఉంటాయి, గది ఉంటుంది, ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకు చెప్పుకోవాల్సినవి ఉంటాయి. బృంద కవితకు నమూనా వెతుక్కోనక్కర్లేదు. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే ఒక వంత హాస్యంతో, ఇంకో వంత రాజకీయంతో అందుకునే పద్ధతి మూడు గొంతుల కవితకు సిద్ధంగా ఉన్న కట్టడం. దాన్ని ప్రభుత్వ పథకాల ప్రచారానికి వదిలేశాం.

మొదలుపెట్టే టీచరుకు పెద్ద నిధులు అక్కర్లేదు. వారానికి ఒక గంట, పది పన్నెండు మంది పిల్లలు, పిల్లలతో పాటు తానూ రాసి చదివే సిగ్గులేనితనం చాలు. మొదటి ఏడాది పోటీ లేకపోయినా పరవాలేదు. వీడియోల జోలికి పోకపోవడమే మంచిది. తప్పకుండా అడ్డొచ్చేది ఒకటుంది, అది భాష. షికాగో మెంటర్లు నల్లవాళ్ల వీధి ఇంగ్లిష్‌ను, స్పానిష్ కలిసిన ఇంగ్లిష్‌ను దిద్దకుండా వినడం చాలా కష్టపడి నేర్చుకున్నారు. ఒలివారెస్ కవితల్లో రెండు భాషలూ ఒకే పాదంలో పక్కపక్కన నడుస్తాయి. ఆదిలాబాదు పిల్లవాడూ, శ్రీకాకుళం అమ్మాయీ, మదనపల్లె కుర్రాడూ పాఠ్యపుస్తకం తెలుగులో రాస్తే వాళ్ల ఇళ్లు ఆ కవితల్లోకి రావు. ఇంటి తెలుగులో రాస్తే టీచరు చెయ్యి అలవాటు కొద్దీ ఎర్ర కలం మీదికి పోతుంది. అక్షరదోషాలు దిద్దవచ్చు. అమ్మ మాట్లాడే క్రియారూపాలు అక్షరదోషాల లెక్కలోకి రావు.